ఇల్లు ఇప్పుడే అమ్మకండి, ముందు ఒక తుఫాను కాలం అద్దెకుండి చూడండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 59. మావారు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో 200 గజాల్లో మాకు ఇల్లుంది. పసుపు కుంకుమ కింద మా నాన్నగారు ఇచ్చిన స్థలంలో కట్టుకున్నాం, కాగితాలు నా పేరునే ఉన్నాయి. కింద మేముంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. మా అత్తగారికి 84 ఏళ్లు, వాకర్ పట్టుకుని నడుస్తారు. మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "ఈ వయసులో మీరు ఒంటరిగా ఆ ఇంట్లో ఎందుకు, సెక్యూరిటీ ఉన్న చోట ఉంటే నాకు నిశ్చింత" అని ఋషికొండ దగ్గర కడుతున్న ఒక పెద్ద టవర్లో 22వ అంతస్తులో ఫ్లాట్ చూశాడు. 2,200 చదరపు అడుగులు, కోటీ తొంభై లక్షలు. బాల్కనీలోంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఇంకో ఏడాదికి చేతికిస్తారట. మా ఇల్లు అమ్మితే కోటీ పది లక్షలు వస్తుందని బ్రోకర్ అన్నాడు. మిగతాది అబ్బాయి లోన్ తీసుకుంటాడు కాబట్టి ఫ్లాట్ తన పేరున పెడదామంటున్నాడు. మావారు రెండు లక్షలు టోకెన్ కూడా కట్టేశారు. మోడల్ ఫ్లాట్ చూడ్డానికి వెళ్లి బాల్కనీ అంచున నిలబడితే నాకు కాళ్లు వణికాయి. మావారు నవ్వి, "అలవాటైపోతుందిలే" అన్నారు. నా భయం మూర్ఖత్వమా? అసలు ఇలాంటి చోట మాలాంటివాళ్లు బతకగలరా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ భయం మూర్ఖత్వం కాదు. దాని గురించి చెబుతాను. కానీ మీరు ఉత్తరంలో మామూలుగా చెప్పేసి దాటేసిన రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. అమ్మబోయే ఇల్లు మీ పేరున ఉంది. కొనబోయే ఫ్లాట్ మీ పేరున ఉండదు. 22వ అంతస్తు సంగతి, సముద్రం సంగతి తర్వాత. ముందు ఈ లెక్క తేలాలి.

మీ నాన్నగారు ఇచ్చిన స్థలం మీద సర్వహక్కులూ మీవే. హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ ఈ మాట స్పష్టంగానే చెబుతోంది. మీ సంతకం లేకుండా ఆ ఇల్లు ఎవరూ అమ్మలేరు. అమ్మితే వచ్చే కోటీ పది లక్షలు మీ ఖాతాలోనే పడాలి. కొత్త ఫ్లాట్‌లో సగానికి పైగా పెట్టుబడి మీదైనప్పుడు దస్తావేజులో మీ పేరు లేకపోవడం న్యాయం కాదు. మీ అబ్బాయి మంచివాడే అయి ఉంటాడు, తల్లిదండ్రుల గురించి అంత దూరం నుంచి ఆలోచిస్తున్నాడు. అయినా మంచితనానికీ రిజిస్ట్రేషన్‌కీ ముడిపెట్టకండి. రేపు అతని ఉద్యోగానికి ఇబ్బంది వచ్చి లోన్ ఆగితే బ్యాంకువాళ్లు వచ్చేది ఆ ఫ్లాట్ మీదకే. అప్పుడు మీకు వెనక్కి వెళ్లడానికి కూర్మన్నపాలెం ఇల్లు కూడా ఉండదు.

దీనికి పన్ను వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. పాత ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను పడుతుంది. ఆ లాభంతో మళ్లీ ఇల్లు కొనుక్కుంటే మినహాయింపు దొరుకుతుంది. కానీ అమ్మింది ఒకరు, కొన్నది ఇంకొకరి పేరున అయితే ఆ మినహాయింపు దగ్గర పేచీ వస్తుంది. కాబట్టి కొనేదే అయితే మీరూ, మీ అబ్బాయీ ఎంతెంత పెడుతున్నారో ఆ నిష్పత్తిలో వాటాలు రాయించి ఇద్దరి పేర్లమీద రిజిస్టర్ చేయించండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఉమ్మడిగా కొంటే బ్యాంకు మిమ్మల్ని సాధారణంగా లోన్‌లో కూడా కో-అప్లికెంట్‌గా చేరుస్తుంది, అంటే అప్పుకి మీరూ బాధ్యులే. ఇది మీకు విడమరిచి చెప్పే చార్టర్డ్ అకౌంటెంట్‌నీ లాయర్నీ మీరే ఎంచుకోండి, బిల్డర్ ఆఫీసులో కూర్చునే మనిషి వద్దు. తర్వాత అబ్బాయికే చెందాలనుకుంటే వీలునామా రాయండి. మీరున్నంత కాలం పేరు మీదిగానే ఉండనివ్వండి.

ఇక మీ కాళ్ల వణుకు. ఎత్తంటే భయపడేవాళ్లలో చాలామందికి కొన్ని వారాల్లో అది తగ్గిపోతుంది. బాల్కనీ అంచుకి పోరు, హాల్లో కూర్చుని సముద్రం చూస్తారు, అంతే. కొందరికి మాత్రం ఎప్పటికీ తగ్గదు. పిల్లలు బాల్కనీ వైపు వెళ్తే గుండె దడదడలాడుతుంది, రాత్రి గాలి హోరుకి నిద్ర పట్టదు. మీరు ఏ రకమో మోడల్ ఫ్లాట్‌లో కాసేపు నిలబడితే తెలియదు. మీవారు నవ్వినా తెలియదు. ఉండి చూస్తేనే తెలుస్తుంది. అందుకే నా సలహా ఒక్కటే: ఇల్లు అమ్మకండి. ఋషికొండ, ఎండాడ, మధురవాడ చుట్టుపక్కల ఇప్పటికే జనం ఉంటున్న టవర్లలో పదిహేను పైన ఏదో ఒక అంతస్తులో ఫ్లాట్ అద్దెకు తీసుకోండి. యజమానులు విదేశాల్లో ఉండి అద్దెకిచ్చిన ఫ్లాట్లు అక్కడ దొరుకుతాయి. జులై ప్రాంతంలో దిగి డిసెంబర్ దాకా ఉండండి. అక్టోబర్, నవంబర్ నెలలు తప్పకుండా అందులో కలవాలి. ఎందుకో విశాఖలో ఉన్న మీకు చెప్పక్కర్లేదు.

అద్దెకున్న ఆ నెలల్లో మీరు గమనించాల్సినవి బ్రోచర్‌లో ఉండవు. వంటింటి పని దగ్గర్నుంచే మొదలుపెట్టండి. మే నెలలో వడియాలు, ఆవకాయకి మామిడి ముక్కలు ఎక్కడ ఆరబెడతారు? చాలా టవర్లలో టెర్రస్‌కి తాళం వేసి ఉంటుంది. బయటికి కనిపించేలా బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని కొన్నిచోట్ల సంఘం నియమం. మనకి ఇంట్లో పనిచేసే అమ్మాయి గేటు దగ్గర యాప్‌లో అనుమతి వచ్చేదాకా నిలబడాలి, ఆమెకి వేరే లిఫ్టు. కొన్ని చోట్ల ఆమెని లాబీలో కూర్చోనివ్వరు. నాకు ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇన్నేళ్లూ ఆమెని ఇంటి మనిషిలా చూసుకున్నవాళ్లయితే మీకూ బాధేస్తుంది. కూర్మన్నపాలెంలో మీ వీధిలో సగం మంది ప్లాంటు మనుషులే అయి ఉంటారు. ఎవరింట్లో ఏం జరిగినా అరగంటలో తెలుస్తుంది, ఎవరో ఒకరు గిన్నెలో ఏదో పట్టుకొస్తారు. ఇప్పుడు మీరు ఊరికి ఆ చివర నుంచి ఈ చివరికి వెళ్తున్నారు. మీవారి స్నేహితులు పొద్దున్నే టీ కొట్టు దగ్గర కలవడానికి ముప్ఫై కిలోమీటర్లకి పైగా రాలేరు. ఆయన ఇంకా దీని గురించి ఆలోచించి ఉండరు. మగవాళ్లు రిటైరయ్యాక ఒంటరితనం గురించి ముందుగా ఆలోచించరు, వచ్చాక బయటికి చెప్పరు.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. నేను ఇలాంటి టవర్లో ఉంటున్నదాన్నే, మా సంఘం పనులు చూసినదాన్ని. పై అంతస్తుల్లో దోమలు తక్కువ. గాలి ధారాళంగా వస్తుంది, ఏప్రిల్‌లో కూడా సాయంత్రం ఏసీ అవసరం పడని రోజులుంటాయి. రాత్రి పదింటికి కూడా కింద ట్రాక్ మీద ఆడవాళ్లు నిర్భయంగా నడుస్తారు. పెద్దవాళ్లందరూ సాయంత్రం క్లబ్‌హౌస్ దగ్గర చేరతారు. భర్త పోయి ఒంటరైన ఆవిడ ఒకరు మా టవర్లోకి వచ్చాకే మళ్లీ నలుగురితో కలిసి నవ్వడం చూశాను. మీ అబ్బాయి నిశ్చింత కోరుకోవడంలో తప్పు లేదు. రాత్రిపూట ఫోన్ రింగైతే అమెరికాలో ఉన్న పిల్లలు ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఆవిడ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ ఈ నిర్ణయంలో అందరికన్నా ఎక్కువ లెక్కలోకి రావాల్సింది ఆవిడే. ఇప్పుడు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి వీధిలో పోయేవాళ్లని పలకరిస్తారు కదా. 22వ అంతస్తులో గుమ్మం తీస్తే ఎదురుగా ఇంకో మూసిన తలుపు ఉంటుంది. ఆవిడ కిందికి రావాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు తోడు రావాలి. లిఫ్టులో బటన్ నొక్కడం ఆవిడకి వస్తుందా, తలుపు మూసుకునేలోగా వాకర్ లోపల పెట్టగలరా, ఇవి అద్దెకున్నప్పుడే చూడండి. ఇంకొకటి, స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉందా? చాలామంది దీన్ని అడగరు. లిఫ్టు లోతు కొలవండి, మనిషిని పడుకోబెట్టిన స్ట్రెచర్ లోపలికి పోయి తలుపు మూసుకోవాలి. అంబులెన్స్ లాబీ గుమ్మం దాకా రాగలదా, లేక బేస్‌మెంట్ పార్కింగ్‌లో వంకర్లు తిరగాలా?

అడగడానికి నోరు రాని ప్రశ్న కూడా ఒకటుంది. అయినా అడగండి. ఇంట్లో ఎవరైనా పోతే అక్కడ ఏం చేస్తారు? పెద్దావిడని కాసేపైనా ఇంట్లో పడుకోబెట్టుకోనిస్తారా, కింద ఏదైనా చోటు చూపిస్తారా, పదకొండు రోజుల కార్యక్రమాలకి వచ్చే చుట్టాలని గేటు దగ్గర ఆపేస్తారా? కొన్ని సంఘాలు దీన్ని చాలా మర్యాదగా నడుపుతాయి. వేరే గది, ఫ్రీజర్ బాక్స్ పెట్టుకునే వసతి, ఒక లిఫ్టు కేటాయింపు అన్నీ రాసి పెట్టుకుంటాయి. కొన్ని సంఘాల్లో ఆ రోజు దుఃఖంలో ఉన్నవాళ్లు సెక్యూరిటీతో వాదించుకోవాల్సి వస్తుంది. మీ అత్తగారు మరో పదేళ్లు ఆరోగ్యంగా ఉండాలి. కానీ 84 ఏళ్ల మనిషిని తీసుకెళ్తున్న ఇంటి గురించి ఇది తెలుసుకోకుండా వెళ్లకూడదు.

లిఫ్టు ఆగితే ఏమవుతుందో కూడా లెక్కేసుకోండి. అంతస్తుకి ఇరవై మెట్లు అనుకున్నా 22 అంతస్తులకి 440 మెట్లు. సింహాచలం మెట్లదారిలో దాదాపు సగం. కాబట్టి ఎన్ని ఫ్లాట్లకి ఎన్ని లిఫ్టులు, జనరేటర్ మీద ఎన్ని నడుస్తాయి, డీజిల్ ఎన్ని గంటలకి నిల్వ ఉంటుంది అని అడగండి. "ఫుల్ బ్యాకప్ మేడమ్" అనేది జవాబు కాదు. ఇంట్లో ఫ్రిజ్ నడుస్తుందా, ఏసీ నడుస్తుందా, ఎన్ని కిలోవాట్లు ఇస్తారో కాగితం మీద చూపించమనండి. మంటలు వస్తే లిఫ్టు వాడకూడదు. అప్పుడు ఆగి ఊపిరి పీల్చుకోవడానికి రెఫ్యూజ్ ఏరియా ఏ అంతస్తుల్లో ఉందో చూసి, అక్కడ పాత ఫర్నిచర్, సైకిళ్లు పడేసి లేవని మీ కళ్లతో నిర్ధారించుకోండి. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉందో లేదో చూడండి.

తుఫాను దగ్గరికి వద్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ సరిగ్గా మన ఊరి మీదే తీరం దాటింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. ఆ తర్వాత కరెంటు లేక, నీళ్లు లేక, ఫోన్లు పనిచేయక మనందరం ఎలా ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. మీ ఇంట్లో అయితే బిందె పట్టుకుని వీధిలో ట్యాంకర్ దగ్గరికి వెళ్లగలిగారు. అదే 22వ అంతస్తులో అయితే ఆ బిందె ఎవరు మోస్తారు? ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. జనరేటర్‌కి డీజిల్ అయిపోతే లిఫ్టూ ఆగుతుంది, నీళ్ల మోటారూ ఆగుతుంది, రెండూ ఒకేసారి.

విశాఖకి కట్టడాల ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. బాల్కనీకి పెట్టే ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు స్లైడింగ్ గాజు తలుపుని తీసుకోండి. దాని మీద దాదాపు ఏడు వందల కిలోలు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది కాబట్టి మీ అంతస్తులో ఇంకా ఎక్కువే. భవనం కాలమ్‌లూ బీమ్‌లూ సాధారణంగా దీన్ని తట్టుకునేలా డిజైన్ చేస్తారు. దెబ్బ తినేది గాజులూ, వాటి ఫ్రేములూ, లాకులూ. కాబట్టి గాజు ఎంత మందం, పగిలినా ముక్కలు ఊడిపడకుండా పట్టి ఉంచే లామినేటెడ్ గాజా, ఫ్రేమ్‌ని గోడకి దేంతో బిగించారు అని అడగండి. స్లైడింగ్ తలుపు కింద పట్టాలో నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి సిమెంటుతోనో దుమ్ముతోనో పూడిపోతే ఏటవాలు వానకి నీళ్లు హాల్లోకి పొర్లుతాయి. అద్దె ఇంట్లో మొదటి గాలివాన రోజున ఒక పాత దుప్పటి ఆ పట్టా దగ్గర పెట్టి చూడండి, ఎంత తడుస్తుందో.

ఉప్పుగాలి దెబ్బ ఇంతకన్నా నెమ్మదిగా పడుతుంది, ఇంతకన్నా ఖరీదైనది కూడా. ఏసీ బయటి యూనిట్ రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలతాయి. కిటికీ మడతబందులు బిగుసుకుంటాయి. బాల్కనీ రెయిలింగ్ స్టీలే అయినా 304 రకం అయితే టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి, సముద్రం దగ్గర 316 రకం వాడాలి. తులసి కోటలో తులసి ఆకులు అంచుల వెంట మాడిపోతాయి. ఇవన్నీ మార్చుకోవచ్చు. మార్చుకోలేనిది కాంక్రీటు లోపలి ఇనుము. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడ్ బలం, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పొర (కవర్) ఉండాలని చెబుతుంది. దీన్ని మీరు కళ్లతో కొలవలేరు. దానికి ఒక దారుంది. కొత్త టవర్‌ని చూడ్డం మానేసి, అదే బిల్డర్ సముద్రం దగ్గర కట్టి ఐదారేళ్లు దాటిన భవనం ఏదో కనుక్కుని అక్కడికి వెళ్లండి. బేస్‌మెంట్‌లోకి దిగి పైకప్పు చూడండి. తుప్పు రంగు మరకలు, పగుళ్లు, పెచ్చులు ఊడిన చోట కనిపించే ఇనుము, ఇవి ఉన్నాయా? బాల్కనీ స్లాబుల అడుగుభాగం కింద నిలబడి చూడండి. అక్కడి వాచ్‌మన్‌నీ, ఎలక్ట్రీషియన్‌నీ పలకరించండి. సేల్స్ ఆఫీసులో గంట కూర్చున్నా తెలియని విషయాలు వాళ్లు ఐదు నిమిషాల్లో చెబుతారు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి వచ్చిన రెరా చట్టం కింద ఇల్లు చేతికిచ్చిన రోజు నుంచి ఐదేళ్ల వరకు కట్టడంలో, పనితనంలో లోపాలు బయటపడితే బిల్డర్ ముప్ఫై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఉప్పు తన పని మొదలుపెట్టేది చాలాసార్లు ఆ ఐదేళ్లు దాటాకే.

నీళ్ల గురించి ఒక్క మాట. జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) కుళాయి కనెక్షన్ మంజూరైందా, లేక బోర్లూ ట్యాంకర్లేనా? ట్యాంకర్లే అయితే వేసవిలో నెలకి ఎంత పడుతోందో పక్క టవర్లో ఉంటున్నవాళ్లని అడగండి.

ఇక ఖర్చు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకి 4 రూపాయలు అనుకుందాం. 2,200 అడుగులకి నెలకి 8,800. నెలకి 7,500 దాటి, సంఘం ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది. అప్పుడు 10,384. ఇది కరెంటు బిల్లు కాకుండా, ఇంట్లో ఎవరూ లేకపోయినా, బతికున్నంత కాలం కట్టాల్సింది. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులకి పీఎఫ్ పెన్షన్ ఎంత వస్తుందో మీకు తెలుసు. ఇప్పుడు మీకు పై పోర్షన్ అద్దె వస్తోంది. అక్కడికి వెళ్తే ఆ అద్దె ఆగిపోయి ఈ ఖర్చు మొదలవుతుంది. "అబ్బాయి పంపిస్తాడు" అంటారేమో. పంపిస్తాడు. కానీ రిటైరైన మనిషి ప్రతి నెలా కొడుకు పంపితే గాని లిఫ్టు ఖర్చు కట్టలేని పరిస్థితిలోకి వెళ్తే, మీవారికి అది ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి.

2,200 అడుగులు అన్నదాంట్లో గోడల మధ్య మీరు నిజంగా వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొట్టి చూడండి. ఇలాంటి టవర్లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా లాబీలు, లిఫ్టులు, మెట్లకి పోతుంది. నేల వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. మీరు 200 గజాల నేల వదులుకుని వెళ్తున్నారు. ఒకే నేల మీద ఎన్ని అంతస్తులు లేస్తే ఒక్కో ఫ్లాట్ వాటా అంత చిక్కిపోతుంది. ముప్ఫై నలభై ఏళ్లకి భవనం పాతబడ్డాక విలువ మిగిలేది ఆ నేలకే.

సముద్రం కనిపిస్తుందన్నారు. ఈ రోజు కనిపిస్తుంది. ముందున్న ఖాళీ స్థలం ఎవరిది, మాస్టర్ ప్లాన్‌లో అక్కడ ఏం కట్టొచ్చు అన్నది లాయర్‌తో తేల్చుకోండి. మీకూ సముద్రానికీ మధ్య రేపు ఇంకో టవర్ లేస్తే ఎవరూ ఆపలేరు. తీరానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) అనుమతి తప్పనిసరిగా చూడండి. కొచ్చి దగ్గర మరడులో కొన్ని అపార్ట్‌మెంట్లని తీర నియంత్రణ నిబంధనలు ఉల్లంఘించి కట్టారని సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. 2020 జనవరిలో ఆ ఎత్తైన అపార్ట్‌మెంట్లని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ఆ ఫ్లాట్లలో మీలాంటివాళ్లూ ఉన్నారు, జీవితాంతం దాచుకున్న డబ్బు పెట్టి బ్యాక్‌వాటర్స్ పక్కన ఇల్లు కొనుక్కున్నవాళ్లు.

వేచి ఉంటే నష్టం లేదనడానికి నా దగ్గర లెక్క కూడా ఉంది. కట్టడం పూర్తి కాకముందు కొంటే ధర మీద 5 శాతం జీఎస్టీ. కోటీ తొంభై లక్షలకి అది తొమ్మిదిన్నర లక్షలు. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ ఉండదు. ఈలోగా రేటు పెరగొచ్చు, నిజమే. కానీ ఆరు నెలల అద్దెకీ, కొంచెం రేటు పెరుగుదలకీ ఆ తొమ్మిదిన్నర లక్షలు చాలావరకు సరిపోతాయి. పైగా కట్టేసిన ఇల్లు, వానలో తడిసిన ఇల్లు చూసి కొంటారు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కింద ఏడున్నర శాతం అప్పుడైనా ఇప్పుడైనా తప్పదు, దాదాపు 14 లక్షలు పక్కన పెట్టుకోవాలి. ఇల్లు అమ్మాక కూడా రెండేళ్లలోపు కొనుక్కుంటే పన్ను మినహాయింపు ఉంటుంది, మధ్యలో ఆ డబ్బుని బ్యాంకులో ఇందుకోసమే తెరిచే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో పెట్టాలి. కాబట్టి "ఇప్పుడే అమ్మాలి, ఇప్పుడే కొనాలి" అని ఎవరు తొందరపెట్టినా ఆ తొందర వాళ్లది, మీది కాదు.

ఇంట్లో ఎలా చెప్పాలి అంటారా. "నాకు భయంగా ఉంది" అంటే మీవారు మళ్లీ నవ్వుతారు. "నేను రానన్నానా? ఆరు నెలలు అద్దెకుందాం, నచ్చితే నేనే సంతకం పెడతాను" అనండి. అది కాదనడానికి ఎవరి దగ్గరా కారణం ఉండదు. అబ్బాయితో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు అత్తగారిని కూడా కూర్చోబెట్టండి. మనవడు నానమ్మని "నీకు ఎక్కడుండాలనుంది?" అని అడగాలి. ఇంతవరకు ఆ ఇంట్లో ఆవిడని ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం. అబ్బాయి నిశ్చింత కోసమే అయితే మీ ఇంటికే ఒక మంచి గ్రిల్, వీధి గుమ్మానికి కెమెరా, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు పెట్టించమనండి. దానికి అయ్యే ఖర్చు ఫ్లాట్ జీఎస్టీలో పిసరంత.

చివరిగా ఆ రెండు లక్షల టోకెన్. దాని కోసం కోటీ తొంభై లక్షల పని చేసేయకండి. బుకింగ్ ఫారమ్ మీద మీవారు సంతకం పెట్టి ఉంటే రద్దు షరతులు ఏమున్నాయో ఈ వారమే చదివించండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో పదో వంతుకి మించి వసూలు చేయకూడదని రెరా చట్టం చెబుతోంది, కాబట్టి "ఇంకో పాతిక లక్షలు కట్టండి, అగ్రిమెంట్ తర్వాత చూద్దాం" అంటే రూపాయి కూడా ఇవ్వకండి. అగ్రిమెంట్ అయ్యాక మీ అంతట మీరు వెనక్కి తగ్గితే బుకింగ్ సొమ్ము మినహాయించుకునే షరతు సాధారణంగా ఉంటుంది. ఇప్పుడైతే ఇంకా అగ్రిమెంట్ కాలేదు. "కుటుంబ కారణాల వల్ల నిర్ణయం వాయిదా వేస్తున్నాం, టోకెన్ తిరిగి ఇవ్వండి" అని మీవారి చేత ఒక ఈమెయిల్, దానితోపాటు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపించండి. రసీదు జాగ్రత్తగా దాచండి. ఇవ్వకపోతే ఏపీ రెరాలో ఫిర్యాదు చేయొచ్చో లేదో ఆ బుకింగ్ ఫారమ్ చూసి మీ లాయర్ చెబుతారు. ఒకవేళ ఆ రెండు లక్షలు మొత్తంగా పోయినా సరే, మీ ఇల్లు మీ పేరున మిగిలే ఉంటుంది.